కరిగించినా పోనిది ఏది?

పిల్లలూ! మెదక్ బజారులో వేడి వేడి మిరపకాయ బజ్జీలు కొన్నారనుకోండి. కొట్టువాడు వాటిని పల్చని నల్ల సంచిలో వేసి ఇచ్చాడు. అది నల్లగా ఎందుకున్నదో తెలుసా?

విరిగిన బకెట్లు, పాత టీవీ పెట్టెలు, చిరిగిన కవర్లు కలిపి కరిగిస్తే అన్ని రంగులూ కలిసి మురికిరంగు వస్తుంది. దాన్ని కప్పిపుచ్చటానికి నల్లరంగు కలుపుతారు. కాని, పాత వస్తువులలో మెత్తదనానికి కలిపిన రసాయనాలూ, నిప్పంటుకోకుండా కలిపిన బ్రోమిన్ మందులూ కరిగించినంతమాత్రాన పోవు. అవి కొత్త సంచిలోకీ వస్తాయి. వాటిలో కొన్ని నూనెలో కరుగుతాయి. వేడి తగిలితే మరింత త్వరగా బయటపడతాయి. అందుచేతనే ఇలాంటి సంచులలో తినుబండారాలు పెట్టరాదని మన దేశంలో 1999లోనే నిబంధన చేశారు. ఇప్పుడు కూడా, ఆహారం కోసం పెట్టిన ప్రమాణాలకు నిలిచిన ప్లాస్టిక్‌కే అనుమతి.

సంచిని పారేస్తే పీడ వదిలిందా? లేదు. అది ఎండకు పెళుసెక్కి ముక్కలవుతుంది. వాన పడినప్పుడు ఆ రసాయనాలు మట్టిలోకీ, చెరువులోకీ దిగుతాయి. వాగు వెంట మంజీరదాకా పోవచ్చు. ఆ నీళ్ళలోనే చేపలు పెరుగుతాయి, పశువులు తాగుతాయి.

పాత ప్లాస్టిక్‌ను మళ్ళీ వాడటం తప్పు కాదు. దేనితో చేసినది దేనికి పనికివస్తుందో తెలియాలి, అంతే. ఈసారి బజ్జీలకు వెళ్ళేటప్పుడు ఇంటినుంచి స్టీలు గిన్నె పట్టుకుపోండి. లేదా, మోదుగాకు దొప్పలో పెట్టించుకోండి. దొప్ప మట్టిలో కలిస్తే ఎరువే అవుతుంది!