బెల్ట్ సాండర్ మీద కత్తి సాన పడితే వాదర ఎందుకు కాలిపోతుంది?

మాదాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్ళే దారిలో ఎక్కడైనా కొబ్బరి బొండాల బండి దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి. నాలుగు దెబ్బల్లో బొండం తల ఎగిరిపోతుంది. ఇప్పుడు మీ ఫ్లాట్‌లో ఉన్న కూరగాయల కత్తి గుర్తు తెచ్చుకోండి. టమాటా తొక్క మీద జారుతుంది. మనం ఇంకాస్త గట్టిగా నొక్కుతాం. అది కాస్తా జారి వేలి మీదికి వస్తుంది. వేళ్ళు ఎక్కువగా తెగేది మొద్దు కత్తితోనే, పదును కత్తితో కాదు.

ఇదివరకు సైకిల్‌కి సానరాయి బిగించుకుని ఒకాయన వీధిలోకి వచ్చేవాడు. స్టాండు వేసి, పెడల్ తొక్కుతూ రెండు నిమిషాల్లో పని కానిచ్చేవాడు. కొండాపూర్‌లో 20 అంతస్తుల టవర్ గేటు దగ్గర ఆయన్ని ఎవరు లోపలికి రానిస్తారు చెప్పండి? అందుకే మనవాళ్ళు ఫోన్‌లో చిన్న బెల్ట్ సాండర్ ఆర్డర్ పెట్టేస్తున్నారు. వీడియోలో అయితే నిప్పురవ్వలు భలేగా కనిపిస్తాయి. పది సెకన్లలో కత్తి కాగితం కోసేస్తుంది. వారం తిరిగేసరికి అదే కత్తి మళ్ళీ మొద్దు. "కత్తి క్వాలిటీ బాలేదు బ్రో" అంటారు. చాలాసార్లు తప్పు కత్తిది కాదు. వాదర కాలిపోయింది.

ఎలా కాలుతుందో చెప్తాను. కాస్త లెక్క ఉంది, భయపడకండి.

కత్తి ఉక్కుని ఫ్యాక్టరీలో బాగా కాల్చి, చప్పున చల్లార్చి గట్టిపరుస్తారు. అలాగే వదిలేస్తే గాజులా పగులుతుంది కాబట్టి మళ్ళీ తక్కువ వేడిలో ఉంచి ఆ పెళుసుదనం తగ్గిస్తారు. దీన్ని టెంపరింగ్ అంటారు. చాలా వంటింటి కత్తులకి ఇది దాదాపు 200 డిగ్రీల దగ్గర జరుగుతుంది. తర్వాత ఎప్పుడైనా అంతకు మించి వేడి తగిలితే ఉక్కు మెత్తబడిపోతుంది. నీళ్ళలో ముంచితే ఆ గట్టితనం తిరిగి రాదు.

ఇప్పుడు వాదర సంగతి. 20 సెంటీమీటర్ల కత్తిలో చివరి ఒక్క మిల్లీమీటరు అంచు తీసుకుంటే దాని బరువు దాదాపు అర గ్రాము. గ్రాము ఉక్కుని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు అర జౌల్ శక్తి చాలు. అంటే ఆ అంచంతా 200 డిగ్రీలు పెరగడానికి 50 జౌల్స్ సరిపోతుంది. మీ సాండర్ మోటార్ 250 వాట్లది అనుకోండి, సెకనుకి 250 జౌల్స్. అదంతా అంచుకే పోదు, నిజమే. కొంత రవ్వలతో, కొంత బెల్ట్‌తో పోతుంది, కొంత కత్తి ఒళ్ళు లాగేసుకుంటుంది. అయినా ఒకేచోట ఒక్క క్షణం ఆపితే చాలు, పని అయిపోయినట్టే. సైకిల్ సాన ఆయన గంటల తరబడి తొక్కితే కాళ్ళ నుంచి వచ్చేది 75, మహా అయితే 100 వాట్లు. ఆయన రాయి కత్తిని కాల్చదని కాదు గానీ, కాల్చాలంటే దానికి ఇంకాస్త టైమ్ పడుతుంది.

బెల్ట్ సాండర్‌లో ఎక్కువగా దొరికే సైజు అంగుళం వెడల్పు, 30 అంగుళాల చుట్టుకొలత. ఇలాంటి ఒక మామూలు మెషీన్‌లో బెల్ట్ సెకనుకి దాదాపు 16 మీటర్లు పరుగెడుతుంది. అంటే బెల్ట్ మొత్తం సెకనుకి 21 సార్లు మీ కత్తి ముందు నుంచి తిరిగి వస్తుందన్నమాట. ఇదే ఎక్కువ అనుకుంటే, 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్ డిస్క్ 11,000 ఆర్పీఎం మీద సెకనుకి 58 మీటర్లు వెళ్తుంది. గ్రైండర్‌తో వంటింటి కత్తి సాన పట్టే వీడియోలు చూసి ఆనందించండి, ఇంట్లో చేయొద్దు. స్పీడు తగ్గించే రెగ్యులేటర్ ఉన్న సాండర్ దొరికితే, ఇంకో వెయ్యి ఎక్కువైనా అదే కొనమంటాను.

వేడి ఎక్కువైందని రంగు చెబుతుంది. మామూలు కార్బన్ ఉక్కు మీద 220 డిగ్రీల దాటాక లేత గడ్డి రంగు, తర్వాత గోధుమ, 300 దగ్గర నీలం. నీలం కనబడితే అక్కడి వాదర మెత్తబడినట్టే, ఆ భాగం అరగదీసి తీసేయాల్సిందే. స్టెయిన్‌లెస్ స్టీల్ మీద మాత్రం రంగు ఆలస్యంగా వస్తుంది, కాబట్టి దాన్ని నమ్ముకోకండి. మీ వేళ్ళే థర్మామీటర్. బెల్ట్ మీద కత్తిని ఒకసారి లాగండి, పక్కనే పెట్టుకున్న మగ్గు నీళ్ళలో ముంచండి, మళ్ళీ లాగండి. అంచుకి కాస్త ఇవతల ముట్టుకుంటే చురుక్కుమంది అంటే అప్పటికే లేట్ చేశారు. గ్లౌజులు వేసుకోవద్దనేది కూడా ఇందుకే. పైగా తిరిగే బెల్ట్‌లో గ్లౌజు చిక్కితే చేతిని కూడా లాక్కుపోతుంది.

ఉక్కుకీ వేడికీ మధ్య ఉన్న ఈ పేచీ మన దగ్గర కొత్తదేం కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు గురించి హెన్రీ వోయ్సీ రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు ఇక్కడికి వచ్చేవారు. ఊట్జ్ అని ప్రపంచం పిలిచిన ఉక్కు ఇదే. కొలిమిలో వేడి కాస్త మీరితే సుత్తి దెబ్బకి అది ముక్కలైపోతుంది. అప్పటి కమ్మరి మంట రంగు చూసి పట్టుకున్న విషయాన్ని మనం మగ్గు నీళ్ళతో పట్టుకోవాలి.

సరే, చేసే పద్ధతి. ముందు బెల్ట్ ఏ వైపు తిరుగుతోందో చూడండి. ఇలా నిలబెట్టిన మెషీన్లలో ముందువైపు బెల్ట్ పైనుంచి కిందికి దిగుతుంది. అందుకని కత్తి వాదర కిందికి, వెన్ను పైకి ఉండాలి. బెల్ట్ వెన్ను వైపు నుంచి వచ్చి వాదర మీదుగా బయటికి జారిపోవాలి. తిరగేసి పట్టారో, వాదర బెల్ట్‌ని కోస్తుంది, తెగిన బెల్ట్ కత్తిని విసిరికొడుతుంది. ఈ ఒక్కటి మాత్రం రెండోసారి వినండి, వెనక్కి జరుపుకుని.

వంటింటి కత్తికి ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల కోణం చాలు. వాదర పక్కన మార్కర్ పెన్నుతో గీత గీయండి. ఒకసారి లాగాక సిరా ఎక్కడ చెరిగిందో చూస్తే కోణం సరిగ్గా ఉందో లేదో తెలిసిపోతుంది. 400 గ్రిట్‌తో మొదలుపెట్టండి. అంచు పెచ్చులూడితే తప్ప 120 జోలికి పోవద్దు, అది కత్తిని తినేస్తుంది. నొక్కకండి, కత్తి బరువే చాలు. మొన దగ్గర ఆగకండి, అక్కడ ఉక్కు పల్చన కాబట్టి ముందు కాలేదీ గుండ్రంగా అరిగేదీ అదే. అవతలి వైపు వేలికి సన్నటి గరుకు తగిలితే, దాన్ని బర్ అంటారు, వైపు మార్చండి. చివరగా చెక్కకి అతికించిన పాత తోలు బెల్ట్ మీద పాలిషింగ్ పేస్ట్ రాసి, వాదర వెనక ఉండేలా పదిసార్లు లాగితే ఆ గరుకు పోతుంది. ఈ స్టెప్ వదిలేసేవాళ్ళే ఎక్కువ.

నన్నడిగితే బెల్ట్ సాండర్ అసలు పని పెద్ద కత్తులకే. బొండాల కత్తి, మటన్ కొట్టు కత్తి, గొడ్డలి. వీటికి బెల్ట్ వెనక లోహపు పలక ఆనుకుని ఉన్నచోట కాకుండా, ఖాళీగా వేలాడేచోట పట్టండి. బెల్ట్ కాస్త లోపలికి వంగి అంచుని పడవ అడుగులా ఉబ్బెత్తుగా చేస్తుంది. వాదర వెనక ఉక్కు దండిగా మిగులుతుంది కాబట్టి బొండం దెబ్బకి పెచ్చులూడదు. కోణం 25 నుంచి 30. అమ్మమ్మ ఇంటి కత్తిపీటకి చాలాసార్లు అంచు లోపలికి వంపు తిరిగి ఉంటుంది, దానికీ ఈ ఖాళీ బెల్టే దిక్కు. పళ్ళున్న కొడవలి, బ్రెడ్ కత్తి మాత్రం దీని మీద పెట్టొద్దు, పళ్ళు పోతాయి.

బాల్కనీలో చేస్తారా? ఆరేసిన బట్టలు, గ్యాస్ సిలిండర్, మెషీన్ సంచిలో పాత చెక్క పొట్టు, వీటిలో ఏది ఉన్నా రవ్వ పడితే అంటుకుంటుంది. ముందు అదే మెషీన్‌తో అల్యూమినియం అరగదీసి ఉంటే ఆ పొడి మొత్తం దులపండి, ఇనుప రవ్వతో కలిస్తే చాలా ప్రమాదం. కళ్ళద్దాలు, ఎన్95 మాస్క్ తప్పనిసరి. చోటు లేనివాళ్ళు రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్ లాంటి చోట అడిగి చూడొచ్చు, కత్తుల పనికి ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి. బెల్టులు, రాళ్ళు కావాలంటే సికింద్రాబాద్ రాణిగంజ్. కత్తి వెంట తీసుకెళ్ళి చూపిద్దాం అనుకుంటే మెట్రో ఎక్కకండి, సెక్యూరిటీ దగ్గరే ఆపేస్తారు.

ఇంట్లో ఉన్నవి రెండు కూరగాయల కత్తులే అయితే సాండర్ కొనకండి. ఒకవైపు 400, ఇంకోవైపు 1000 గ్రిట్ ఉన్న నీటి రాయి చాలు. పావుగంట పడుతుంది, రవ్వలు రావు, పక్క ఫ్లాట్ వాళ్ళు తలుపు కొట్టరు. ఆ రాయి మీద ఎలా నూరాలో వచ్చే ఎపిసోడ్‌లో చేద్దాం. ఉంటాను.