కొలువులో మా చిన్నబండి

సంక్రాంతి బొమ్మల కొలువులో మెట్ల కింద, నేలమీద ఒక పార్కో, పల్లెటూరో, తిరుపతి కొండో అమర్చడం చాలా ఇళ్లలో ఉన్నదే. పిల్లలున్న ఇంట్లో అయితే రైలు కూడా తప్పనిసరి. గుండ్రటి పట్టాలు, మధ్యలో అద్దం ముక్క చెరువు, అందులో రెండు బాతులు, ఆ పక్కన రైలుకంటే పెద్ద ఆవు! మా ఇంట్లోనూ కొన్నేళ్ల క్రితం దాకా అంతే. పై మెట్లన్నీ అత్తయ్యగారివి, కింద రైలు నా వంతు.

ఆ ఏడు మా నాన్న మా దగ్గరే ఉన్నారు. అమ్మ పోయాక ఆయన్ని విశాఖపట్నం తీసుకొచ్చేశాం. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఎనభై దాటాయి. పొద్దున తిన్న టిఫిను మధ్యాహ్నానికి గుర్తుండదు. మాట కూడా బాగా తగ్గిపోయింది. కొలువు పెట్టినరోజు కుర్చీ లాక్కుని కూర్చుని ఆ రైలు వంక చాలాసేపు చూశారు.

"ఏ టేసనమ్మా ఇది?" అన్నారు.

"మన స్టేషనే నాన్నా" అన్నాను సరదాకి.

"కాదు" అని లేచి లోపలికి వెళ్లిపోయారు.

ఆ "కాదు" నన్ను ఏడాదంతా వదల్లేదు. మర్నాటి సంక్రాంతికి నవంబరులోనే పని మొదలుపెట్టాను. పేరంటానికి వచ్చినవాళ్లంతా ఎలా చేశావని అడుగుతూనే ఉన్నారు. అందుకే ఇదంతా రాస్తున్నా.

ముందు మా చిన్నబండి సంగతి చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర మద్రాసు - హౌరా పెద్ద లైను నుంచి విడిపోయి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి, అక్కణ్ణుంచి గుణుపురానికి వెళ్లేది. పర్లాకిమిడి మహారాజావారు వేయించిన ఈ లైను 1900లో మొదలైంది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే! నా చిన్నప్పుడు బొగ్గు ఇంజనే. 2004లో ఆ బండి ఆపేసి బ్రాడ్‌గేజి వేశారు. 2011 నుంచి గుణుపురానికి పెద్దబండే వెళుతోంది. మంచిదే, కాదనను. కానీ నేను పుట్టి పెరిగిన చిన్న స్టేషను, క్వార్టర్సు ఇప్పుడు మా నాన్న తలలో తప్ప ఇంకెక్కడా లేవు. అక్కడ కూడా ఎన్నాళ్లుంటాయో!

ముందు తలుపు కొలవండి

బొమ్మ రైలు ఎక్కడ కొన్నా పరవాలేదు. నాది ఎగ్జిబిషన్‌లో కొన్న బ్యాటరీ రైలు. స్కేలు తీసుకుని పెట్టె తలుపు ఎత్తు కొలవండి. నా రైలుకి మూడు సెంటీమీటర్లు వచ్చింది. అసలు తలుపు ఇంచుమించు ఆరడుగులు. అంటే అడుగుకి అర సెంటీమీటరు అన్నమాట. ఇంక అన్నీ ఆ లెక్కనే. అయిదడుగుల ఆడమనిషి రెండున్నర సెంటీమీటర్లు. నలభై అడుగుల తాటిచెట్టు ఇరవై సెంటీమీటర్లు. ఆ తలుపులో పట్టని మనిషిని ఎంత ముద్దొచ్చినా కింద పెట్టకండి, పై మెట్టు మీదికి పంపేయండి. ఏటికొప్పాక లక్కబొమ్మలు నాకు ప్రాణం. అయినా ఒక్కటి కూడా స్టేషనులోకి రానివ్వలేదు. అందరూ చేసే ఇంకో పొరపాటు చెట్లు మరీ పొట్టిగా పెట్టడం. నిజం చెట్టు స్టేషను కప్పుని దాటి ఎంత ఎత్తుంటుందో ఓసారి వీధిలోకి వెళ్లి చూడండి.

గుండ్రంగా తిరిగే పట్టాలు చూడగానే బొమ్మేనని తెలిసిపోతుంది. దానికి అందరూ గుహ పెడతారు. అరకు లైనైతే సరే, ఆ దారి నిండా సొరంగాలే. మా లైనుకి గుహ ఏమిటి? అందుకని పట్టాల్లో వెనక సగం కనపడకుండా తాటితోపు పెట్టాను. రైలు తోపు వెనక్కి వెళ్లి కాసేపు మాయమై రెండోవైపు నుంచి వస్తుంది. అంతే, పిల్లలకి అది తిరుగుతున్నట్టు కాక ఎక్కడికో వెళ్లి వస్తున్నట్టుంటుంది.

తాటాకుల కోసం పాత తాటాకు విసనకర్ర వాడాను. అంచులు కత్తిరిస్తే చిన్న చిన్న విసనకర్రల్లా వస్తాయి. ఎండిన పుల్లకి పైన డజను అంటించి, కిందివి రెండు మూడు వేలాడేట్టు వంచితే అచ్చం తాడే! చింతచెట్టుకి మాత్రం బీరకాయ పీచు. ఆకుపచ్చ రంగులో ముంచి, ఆరాక వేళ్లతో లాగి పలచగా చేసి, కొమ్మలున్న ఎండుపుల్ల మీద అతికించాలి. పీచులోంచి వెలుగు కనపడాలి, ముద్దగా ఉండకూడదు.

రవ్వతో పడ్డ పాట్లు

పట్టాల కింద కంకరకి మొదట బొంబాయి రవ్వని టీ డికాషన్‌లో రంగు వేసి పోశాను. చూడటానికి ఎంత బాగుందో! మూడోరోజు పొద్దున చూస్తే స్టేషనంతా చీమలే. మా అబ్బాయి "ప్రయాణికులు వచ్చేశారమ్మా" అని ఒకటే నవ్వు. తినేది ఏదీ వాడకండమ్మా, చీమలు కాకపోతే పురుగు పడుతుంది. ఇల్లు కడుతున్న చోట కంకర పొడి గుప్పెడు అడిగి తెచ్చి, టీ వడకట్టే జల్లెడలో జల్లిస్తే చక్కటి కంకర తయారవుతుంది.

దాన్ని అతికించే పద్ధతి ఒకటుంది. ముందు జిగురు రాసి పైన పోస్తే గడ్డలు కడుతుంది. పొడిగానే పోసి, పాత కుంచెతో సర్ది, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపిన నీళ్లు పైన చిలకరించండి. ఆ చుక్క వల్లే నీరు గుండ్రంగా జారిపోకుండా లోపలికి ఇంకుతుంది. తడిగా ఉండగానే ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు కలిపి ఇంకుఫిల్లరుతో చుక్కలు చుక్కలుగా వదలాలి. పాలలా తెల్లగా కనిపించి భయపెడుతుంది, ఆరితే మాయమైపోతుంది. రాత్రంతా కదపకండి. ఎర్రమట్టి నేల కూడా ఇలాగే.

రంగుల సంగతి. కొత్త రంగు మెరుస్తుంది, ఆ మెరుపే బొమ్మ అని చెప్పేస్తుంది. రంగులో మొహానికి రాసుకునే పౌడరు కాస్త కలపండి, మెరుపు చచ్చిపోతుంది. పట్టాల పక్కలకి జేగురు రంగు, పైభాగం మాత్రం చక్రాలు అరగదీసినట్టు తళతళలాడాలి. ఇంజను వెనక పెట్టె కప్పు మీద దీపపు మసి వేలితో రాశాను. ఇంకొకటి, వానకి ఎర్రమట్టి చిట్లి గోడల అడుగున మరక పడుతుంది కదూ! స్టేషను గోడకి మోకాలెత్తు దాకా మట్టినీళ్లు పూశాను. ఇంటిగోడ మీద ఆ మరకలు కనిపిస్తే పండక్కి సున్నం వేయిస్తాం, ఇక్కడ మనమే పూసుకోవడం!

సంక్రాంతికి పొలం పచ్చగా ఉంటుందా?

కొలువులో మెంతులో ఆవాలో చల్లి పచ్చటి పొలం చేయడం మన అలవాటు. నేనూ చల్లబోతుంటే నాన్న చూసి, "సంకురాత్రికి సేలో పచ్చగా ఏటుంటాదమ్మా? కోతలైపోయి కుప్పలేసేస్తారు కదా!" అన్నారు. నిజమే సుమండీ! ఇన్నేళ్లుగా ఎవరికీ తట్టలేదు. కొండచీపురు చివర్లు అర సెంటీమీటరు చొప్పున కత్తిరించి తడి జిగురులో వరసలుగా గుచ్చితే వరి మోళ్లు. నాలుగు గడ్డికుప్పలు. మోళ్ల మధ్య అక్కడక్కడ రంగు వేసిన రంపపు పొట్టు చల్లితే అప్పుడే లేస్తున్న మినప మొలకలు. దానికి మాత్రమే ఆకుపచ్చ.

నౌపడ అంటే ఉప్పు. ఆ మడులు లేకపోతే ఆ లైనే కాదు. ముదురు బూడిద రంగు వేసిన అట్ట మీద గాజులాంటి ప్లాస్టిక్ షీటు పరిచి మట్టితో సన్నగా గట్లు పెట్టాను. నిజం ఉప్పు మాత్రం పోయకండి, చెమ్మ పీల్చి కారి పక్కనున్న ఇనుమునంతా తుప్పు పట్టిస్తుంది. ముగ్గుపిండి కుప్పలు అచ్చం ఉప్పులాగే ఉంటాయి.

ఇదంతా చేస్తుంటే నాన్న రోజూ వచ్చి కుర్చీలో కూర్చునేవారు. మొదట్లో మాట లేదు. ఒకరోజు, "గంటేదీ?" అన్నారు. పెద్ద స్టేషనులో ఉండే ఇత్తడి గంట లాంటిది చేసి చూపించాను. "అది కాదు, పట్టా ముక్క" అన్నారు. అవును! తెగిన పట్టా ముక్క వేలాడదీసి ఇనపకడ్డీతో కొట్టేవారు. ఇంకోరోజు ఎర్ర ఇసక బకెట్లు గుర్తుచేశారు. పసుపు బోర్డు మీద పేరు రాస్తే కళ్లజోడు సవరించుకుని చూసి, "సముద్రానికి ఎంత ఎత్తో రాయలేదేటి?" అని అడిగారు. నిన్న ఏం కూర తిన్నారో చెప్పలేని మనిషి! నేను ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఆయన అన్నదల్లా రాసుకోవడం మొదలుపెట్టాను. నీళ్లకుండ చింతచెట్టుకి ఏ వైపు, మేకలు ఎక్కడ పడుకునేవి, మా క్వార్టరు కిటికీకి ఏ రంగు... మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే బొమ్మ పూర్తిచేసి చూపించకండి, సగంలో ఉండగా చూపించండి. తప్పు కనపడితేనే వాళ్లకి మాట వస్తుంది.

భోగికి రెండు రోజుల ముందు అంతా పూర్తయింది. నాన్న అటూ ఇటూ చూసి, "మీ అమ్మేదీ?" అన్నారు.

నాకు చెయ్యి ఆడలేదు. అమ్మ పోయిన సంగతి మళ్లీ మర్చిపోయారేమో అనుకున్నా. కాదు, బొమ్మ గురించే అడుగుతున్నారు. రాత్రి డ్యూటీ రోజుల్లో అమ్మ క్యారేజీ పట్టుకొచ్చేది.

రెండున్నర సెంటీమీటర్ల మనిషిని చేయడం తేలికేం కాదు. పాత కరెంటు వైరులోంచి సన్నటి రాగితీగ తీసి ఒళ్లు, చేతులు మెలిపెట్టాలి. చీరకి గుడ్డ పనికిరాదు, ఎంత పలచటి గుడ్డయినా ఆ కొలతలో గోనెలా కనిపిస్తుంది. టిష్యూ కాగితం జిగురునీళ్లలో తడిపి చుట్టి, సూదితో కుచ్చిళ్లు దిద్దాలి. ముఖానికి కళ్లూ ముక్కూ పెట్టకండి, పెడితే బొమ్మవుతుంది. తల కొంచెం వంచితే చాలు. నాలుగోసారికి కుదిరింది. ఆకుపచ్చ చీర, చేతిలో పూస అంత క్యారేజీ.

ప్లాట్‌ఫారం మీద నిలబెట్టబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టారు. నా చేతిలోంచి తీసుకుని, వణికే వేళ్లతోనే, ఫెన్సింగ్ అవతల చింతచెట్టు నీడలో నిలబెట్టారు. "డూటీలో ఉన్నప్పుడు లోపలికి వచ్చేది కాదు. అక్కడే నిలబడేది, బండెళ్లిపోయే దాకా" అన్నారు. నాకు తెలియని సంగతి. మా అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

పేరంటం రోజున అత్తయ్యగారు ఆ చెట్టు దగ్గర కూడా ఒక పువ్వు పెట్టారు.

చివరిగా రెండు జాగ్రత్తలు. ఎండుగడ్డి, పొట్టు, కాగితం అన్నీ అంటుకునేవే కాబట్టి దీపాలు, అగరొత్తులు పై మెట్ల మీదే ఉంచండి. హారతి కూడా దూరంగానే ఇవ్వండి. స్టేషనులోకి వెలుగు కావాలంటే బ్యాటరీతో వెలిగే పసుపు బల్బు ఒక్కటి చాలు. దాచేటప్పుడు నాఫ్తలీన్ ఉండలు వేయకండి, థర్మోకోలునీ కొన్నిరకాల ప్లాస్టిక్‌నీ పాడుచేస్తాయి. ఎండిన వేపాకు వేసి, చెట్లని విడిగా పాత నూలుచీరలో చుట్టి, అట్టపెట్టె మీద ఏది ఎక్కడిదో రాసి పెట్టుకోండి.

మా పెట్టె అటక మీద ఉంది. అమ్మ బొమ్మ మాత్రం అందులో లేదు, నాన్న కళ్లజోడు డబ్బాలో ఉంది. ఈ సంక్రాంతికి అడిగి తీసుకోవాలి.