గుర్తెరుగని మృతులు

రాహుకేతు పూజలకై శ్రీకాళహస్తికి పరరాష్ట్రములనుండియు జనులు వచ్చుచుందురు. అట్టి యొంటరి యాత్రికుడు స్వర్ణముఖి యొడ్డున మృతుడైనచో శవపంచనామా ఇచ్చట వ్రాయబడును. తప్పిపోయెనను ఫిర్యాదు వాని యూరి ఠాణాలో నుండును. ఈ రెండు కాగితములు కలియుటెట్లు? ముఖము చెడినను ఎముకయు దంతమును డి.ఎన్.ఎ. పరీక్షకు నిలుచును. కాని సరిపోల్చుటకు తల్లిదో బిడ్డదో నమూనా కావలయును గదా!

2019లో లోక్‌సభయందు ప్రవేశపెట్టబడిన బిల్లు తప్పిపోయినవారికొకటి, గుర్తెరుగని మృతులకొకటి సూచికల నేర్పరుప నెంచెను. గోప్యతకు భంగమని కొందరాక్షేపించిరి. 2023 జూలైలో ప్రభుత్వము దానిని ఉపసంహరించెను. నేరస్థుల పట్టికనుగూర్చి యా భయము తగును. కొడుకు జాడకై తల్లి తానై యిచ్చు రక్తబిందువునకేల? ఆ రెండు సూచికలనైన వేరుగ శాసింపవలసినది.

శవము గుర్తింపబడనిచో, ఏడేండ్లు వార్త లేకపోయినగాని చట్టము మరణముగా నెంచదు. అందాక పట్టా వారసుల పేర మారదు. తద్దినమునకు తిథియే లేదు.