ఫొటోలు తీశాకే అసలు పని మొదలైంది

మీ ఊళ్ళోనూ చూసే ఉంటారు. ఓ షామియానా, దాని ముందు పెద్ద ఫ్లెక్సీ, అందులో ఇరవై ముఖాలు, కింద 'ఉచిత కంటి వైద్య శిబిరం' అని లావుపాటి అక్షరాలు. కోటు వేసుకున్న అంకుల్స్, శాలువాలు, దండలు, ఫొటోలు. మర్నాడు పేపర్లో ఓ మూల చిన్న వార్త. మా ఫ్రెండ్స్ దీన్ని 'శాలువా సేవ' అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది నేనే.

పోయిన వేసవి సెలవుల్లో ఆ పేరు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

మాది పుంగనూరు. మా మామయ్యకు మదనపల్లెలో హార్డ్‌వేర్ షాపు ఉంది. అక్కడి ఓ సర్వీస్ క్లబ్బులో మెంబరు. పుంగనూరు దగ్గర ఒక పల్లెలో కంటి క్యాంపు పెడుతున్నారని ఫోన్ చేశాడు. "ఫొటోలు తీసేదానికి ఒకడు కావల్ల. ఇంట్లో కూచోని ఆ ఫోన్ రుద్దేదానికన్నా ఈడికొచ్చి రుద్దు" అన్నాడు. మధ్యాహ్నం బిర్యానీ అని కూడా అన్నాడు. వెళ్ళాను.

ఆ రోజు ఏం జరిగిందంటే

బడి వరండాలో నాలుగు టేబుళ్ళు వేశారు. మొదటి టేబుల్ దగ్గర పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు రాసుకుంటారు. రెండో దగ్గర చూపు పరీక్ష. చదువు రానివాళ్ళ కోసం 'ఈ' అనే ఇంగ్లిష్ అక్షరాన్ని అటూ ఇటూ తిప్పి వేసిన చార్టు ఉంటుంది. ఆ గీతలు ఎటు చూస్తున్నాయో చేత్తో చూపిస్తే చాలు. మూడో దగ్గర బీపీ, షుగరు. చివరికి డాక్టరమ్మ టార్చిలైటుతో కన్ను చూసి, శుక్లం ముదిరి ఉంటే చీటీ రాస్తుంది. చీటీ ఉన్నవాళ్ళు సాయంత్రం బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళాలి. మసకబారిన లెన్సు తీసి కొత్తది పెట్టేస్తారు. ఆపరేషన్ సాఫీగా సాగితే అరగంట కూడా పట్టదు.

ఆ సాయంత్రం పదకొండు మంది బస్సెక్కారు. గ్రూప్ ఫొటో తీశాను. బాగా వచ్చింది. స్టేటస్ కూడా పెట్టాను. నా డ్యూటీ అయిపోయిందనుకున్నా.

మామయ్య ఓ కాగితం చేతిలో పెట్టాడు. పదకొండు పేర్లు, పదకొండు నంబర్లు. "వారం తర్వాత వీళ్ళందరూ మదనపల్లెకు చెకప్‌కు రావల్ల. ముందురోజు అందరికీ ఫోన్ చేసి చెప్పు. కండ్లలో చుక్కలు వేసుకుంటా ఉండారా లేదా కనుక్కో."

ఇంతేనా అనుకున్నా. పది మందికి ఫోన్ చేశాను. పదకొండో నంబరు ఒక అవ్వది. రెండుసార్లు చేస్తే స్విచాఫ్. ఆ పేరు పక్కన 'నాట్ రీచబుల్' అని రాసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నా.

మర్నాడు చెకప్‌కు పది మంది వచ్చారు. మామయ్య లెక్క చూసుకున్నాడు.

"ఇంకొకరు యాడ?"

"ఫోన్ కలవలేదు మామా."

ఆయన తిట్టలేదు. బైకు తాళాలు తీశాడు. "ఎక్కు."

చుక్కలు దాచుకున్న అవ్వ

ఆ పల్లె చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. మా లిస్టులో ఉన్న నంబరు అవ్వది కానేకాదు, పక్కింటివాళ్ళది. వాళ్ళు కూలి పనికి బెంగళూరు వెళ్ళిపోయారు. అవ్వ పొయ్యి ముందు కూచోని సంగటి కెలుకుతోంది. ఇల్లంతా పొగ. ఆపరేషన్ అయిన కన్ను ఎర్రగా ఉంది. నీళ్ళు కారుతున్నాయి.

మామయ్య చుక్కల సీసా అడిగాడు. గూట్లోంచి తీసిచ్చింది. దాదాపు నిండుగానే ఉంది.

"ఏమవ్వా, వేసుకోలేదా?"

"నొప్పి చేసినప్పుడు ఒక చుక్క ఏసుకుంటా ఉండా నాయనా. అయిపోతే మళ్ళా యాడ తెచ్చుకునేది?"

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. శుక్లం ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలపాటు చుక్కలు మానకుండా వేసుకోవాలి. రోజుకు ఎన్నిసార్లో డాక్టర్ చెప్పినట్టే తగ్గించుకుంటూ రావాలి. కన్ను నలపకూడదు, పొయ్యి పొగ తగలకూడదు, మురికి నీళ్ళు పడకూడదు. ఇన్ఫెక్షన్ ముదిరితే వచ్చిన చూపు మళ్ళీ పోవచ్చు. ఇవన్నీ ఆసుపత్రిలో ఆమెకు చెప్పే ఉంటారు. కానీ కంటికి కట్టుతో, కొత్త చోట, భయంతో ఉన్న మనిషికి ఒక్కసారి చెబితే ఎంత గుర్తుంటుంది?

ఆటో మాట్లాడి వెంటనే తీసుకెళ్ళాం. డాక్టర్ చూసి, మందులు మార్చి, "సమయానికి తెచ్చారు" అన్నారు. ఆ మాట విని మామయ్య నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

గుమ్మం మీద 'ఎక్స్' గుర్తు

తిరిగొస్తూ టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు మామయ్య పోలియో రోజుల గురించి చెప్పాడు. అప్పట్లో ఆయన కుర్రాడు. చుక్కల మందు పెట్టెతో ఇల్లిల్లూ తిరిగినవాళ్ళలో ఒకడు. పిల్లలందరికీ చుక్కలు వేసిన ఇంటి గోడ మీద సుద్దతో 'పీ' అని రాసేవాళ్ళు. ఒక్క బిడ్డ మిగిలిపోయినా 'ఎక్స్' అని రాసేవాళ్ళు. ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళాలని గుర్తు. "పీ ఇండ్లతో పోలియో పోలేదురా. ఎక్స్ ఇండ్లకు మళ్ళీ మళ్ళీ పోతే పోయింది."

తర్వాత నేనే చదివాను. రోటరీ సంస్థ ప్రపంచవ్యాప్తంగా పోలియో మీద పని మొదలుపెట్టింది 1985లో. మన దేశంలో చివరి కేసు పశ్చిమ బెంగాల్లో 2011 జనవరిలో వచ్చింది. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. అంటే దాదాపు ముప్పై ఏళ్ళ పని. ప్రభుత్వ సిబ్బంది, ఆశా కార్యకర్తలు, క్లబ్బుల వాలంటీర్లు కలిసి చేసింది.

ఈ క్లబ్బుల పుట్టుక కూడా ఆసక్తిగా ఉంటుంది. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు ముగ్గురు స్నేహితులతో రోటరీ మొదలుపెట్టాడు. వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కలిసేవాళ్ళు కాబట్టి ఆ పేరు. అదే ఊళ్ళో 1917లో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్స్ వ్యాపారి చొరవతో లయన్స్ వచ్చింది. 1925లో హెలెన్ కెల్లర్ లయన్స్ సభకు వచ్చి, చూపులేనివారి పక్షాన నిలబడమని కోరింది. లయన్స్ అనగానే కంటి క్యాంపు గుర్తుకు రావడం వెనుక కథ అది.

మా పడమటి వైపు ఈ పాఠం మరీ కొత్తది కాదు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. టీబీ రోగుల కోసం వందేళ్ళ కిందట వెలసిన శానిటోరియం అది. టీబీలోనూ అంతే కదా. మందు మొదలుపెట్టడం కాదు, దగ్గు తగ్గిపోయాక కూడా ఆర్నెల్లు పూర్తిచేయడమే కష్టం. వెంటపడి అడిగే మనిషి ఉండాలి.

కుప్పంలో మా గ్రూపు

సెలవులు అయిపోయాక కుప్పం వెళ్ళాను, అక్కడే నా చదువు. ఇటు కర్ణాటక, అటు తమిళనాడు. మా ఊళ్ళవాళ్ళకు పెద్ద జబ్బు చేస్తే బెంగళూరుకో వేలూరుకో పరుగు. అందుకే మా హాస్టల్ వాట్సాప్‌లో 'అర్జంటుగా రక్తం కావాలి' అనే మెసేజులు తెలుగులో, తమిళంలో, కన్నడంలో వస్తూనే ఉంటాయి.

మేమూ అందరిలా ఫార్వర్డ్ చేసేవాళ్ళం. ఓ రాత్రి అలాంటి నంబరుకు ఫోన్ చేస్తే అవతల ఒకాయన, "అది పోయిన ఏడాది మెసేజ్ బాబూ. మా నాయన లేడు. ఇంకా ఫోన్లు వస్తానే ఉండాయి" అన్నాడు. మాకు మాట రాలేదు.

ఆ తర్వాత ఓ పదిహేను మందిమి కలిసి పద్ధతి పెట్టుకున్నాం. మెసేజ్ వస్తే ముందు ఫోన్ చేసి నిజమో కాదో తెలుసుకోవాలి. తేదీ, ఆసుపత్రి, గ్రూపు రాయాలి. రక్తం దొరికాక 'అవసరం తీరింది' అని మళ్ళీ పెట్టాలి. ఎవరు ఎప్పుడు ఇచ్చారో రాసుకోవాలి. ఎందుకంటే మగవాళ్ళు 90 రోజులకు, ఆడవాళ్ళు 120 రోజులకు ఒకసారే ఇవ్వాలి. 18 నుంచి 65 ఏళ్ళ లోపు వయసు, కనీసం 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉండాలి. ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులే నిల్వ ఉంటాయి, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. కాబట్టి ఒకే రోజు వంద మంది ఇవ్వడం కన్నా, ఏడాది పొడవునా కొద్దికొద్దిగా ఇస్తే ఎక్కువ ఉపయోగం. ఫొటోకు మాత్రం వంద మందే బాగుంటారు, నిజమే.

మీ కాలేజీలో ఎన్నెస్సెస్ ఉంటుంది, 1969 నుంచి ఉంది. కుర్రాళ్ళ కోసం లయన్స్‌కు లియో, రోటరీకి రోటరాక్ట్ క్లబ్బులు ఉన్నాయి. వాళ్ళ ఫంక్షన్లు బోర్ కొడితే కొట్టనివ్వండి. శాలువాల గోల నాకిప్పటికీ నచ్చదు. కానీ అక్కడి అంకుల్స్‌లో చాలామందికి వయసైపోతోంది. పల్లెలకు బైకు మీద తిరిగే ఓపిక తగ్గుతోంది. వాళ్ళకు ఫొటోగ్రాఫర్లు అక్కర్లేదు. ఫోన్ చేసేవాళ్ళు కావాలి. మన చేతిలో రోజంతా ఉండేది అదే కదా.

అన్నట్టు, అవ్వ సంగతి చెప్పలేదు కదూ. ఆమె కోసం వీధి చివర అంగడాయన నంబరు తీసుకున్నా. నెల రోజులు, పొద్దున ఏడు గంటలకు ఫోన్. "ఏసుకున్న్యా నాయనా, పెట్టేయ్" అనేది. దసరా సెలవుల్లో వెళ్ళి కలిశాను. గడప దగ్గర నిలబడి కిందికీ పైకీ చూసింది.

"ఎవురు నాయనా?"

"నేనే అవ్వా, ఫోన్ చేసేవాణ్ణి."

గొంతు గుర్తుపట్టింది. దగ్గరికొచ్చి ముఖం మళ్ళీ చూసి నవ్వింది. "గొంతు ఇని సన్నపిల్లోడు అనుకుంటి. గడ్డం ఉండాదే!"

ఆ రోజు ఫొటో తీయడం మర్చిపోయాను.