రిపేరుకి వచ్చిన మనిషి - మొదటి పది నిమిషాలు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటికి ఏటేటా తగిలే రిపేర్ల మాట మాత్రం వాళ్ళు చెప్పలేదు. వానాకాలం డాబా కారుతుంది. ఎండాకాలం సంపు కడిగించాలి. సంక్రాంతి ముందు గోడలకి సున్నమో రంగో పడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. వరద తీశాక ఆ ఇళ్ళని మళ్ళీ మనుషులుండే కొంపలుగా చేసింది ఈ రిపేరు పనివాళ్ళే.

ఈ మనిషికి ఇదీ పని అని ఒకటుండదు. పొద్దున గోడకి మాటు వేస్తాడు, మధ్యాహ్నం కుళాయి బిగిస్తాడు, పోతూ పోతూ "అమ్మగారూ, ఆ స్విచ్చి కూడా చూసిపెడతాను" అంటాడు. ఫ్యాక్టరీలో పనిచేసేవాడికైతే ఒక యాజమాన్యం, ఒక ఇన్‌స్పెక్టరు, గోడకి ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉంటాయి. ఇతనికి ఆ పూటకి మీ ఇల్లే ఫ్యాక్టరీ, మీరే యజమాని. ప్రమాదం జరిగాక మొదటి పది నిమిషాలు మా డాక్టర్ల చేతుల్లో ఉండవు, మీ చేతుల్లో ఉంటాయి. ఈ వారం ముఖ్యంగా ఆ పది నిమిషాల గురించే చెప్పదలిచాను.

కంట్లో సున్నం

ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం అని సామెత. సున్నం పడిన కంటికే వెన్న రాసి మా దగ్గరికి తీసుకొచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వెన్న లేకపోతే ఆముదం వేస్తారు. పక్కింట్లో బాలింత ఉంటే చనుబాలు పిండిస్తారు. చల్లగా ఉంటుందని వాళ్ళ ఉద్దేశం. ఈలోగా కన్ను పోతుంది.

సున్నం క్షారం. ఆమ్లం కంటిని కాలిస్తే కాలినచోట పొర గడ్డకట్టి, ఆమ్లం లోపలికి దిగకుండా కొంత అడ్డుపడుతుంది. క్షారం అలా కాదు. కంటి పొరల్లోని కొవ్వుని సబ్బులా మార్చి కరిగించుకుంటూ లోలోపలికి దిగిపోతుంది. పైరెప్ప కింద ఒక్క పలుకు ఇరుక్కున్నా అది కాలుస్తూనే ఉంటుంది. నల్లగుడ్డు మీద పొర తెల్లబడ్డాక ఎంత వైద్యం చేసినా పాత చూపు రావడం కష్టం. తడి సిమెంటు, గోడలకి పట్టించే పుట్టీ కూడా ఈ జాతివే.

చెయ్యవలసింది ఒక్కటే. నీళ్ళు పొయ్యడం. మొహం మీద నాలుగు దోసిళ్ళు కొట్టి ఊరుకోవడం కాదు. మనిషిని పడుకోబెట్టి, రెప్పలు రెండూ వేళ్ళతో విప్పి పట్టుకుని, చెంబుతోనో గొట్టంతోనో సన్నటి ధారగా కనీసం అరగంట పొయ్యాలి. గడియారం చూసి మరీ పొయ్యండి. దెబ్బతిన్న కన్ను కిందివైపు ఉండేట్టు తల పక్కకి తిప్పితే ఆ నీళ్ళు రెండో కంట్లోకి పోవు. పైరెప్ప తిరగేసి చూసి, తెల్లటి పలుకులుంటే తడిగుడ్డ కొసతో తియ్యండి. మా బందరు వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఫరవాలేదా అని అడుగుతారు. ఫరవాలేదు. మంచినీళ్ళ కోసం వెతుకుతూ కూర్చోవద్దు. ముందు కడగండి, ఆ తరువాతే ఆసుపత్రి. కడగకుండా ఆటో ఎక్కిస్తే జరగవలసిన నష్టం దారిలోనే జరిగిపోతుంది.

మూత తీసిన గొయ్యి

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇది. సెప్టిక్ ట్యాంకు కావచ్చు, సంపు కావచ్చు, పాత బావి కావచ్చు.

ఈ రకం ప్రమాదంలో తరచు ఒక్కడే పోడు. మొదటివాడు దిగుతాడు, పలకడు. ఏమైందోనని వాడి తమ్ముడు దిగుతాడు. ఇద్దరినీ లాగుదామని ఇంటాయన దిగుతాడు. "పొద్దుటినుంచీ మూత తీసే ఉంచాం కదండీ డాక్టరుగారూ" అంటారు బయట నిలబడి ఏడ్చేవాళ్ళు.

మూత తీసినంతమాత్రాన లోపలి గాలి మారదు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు మామూలు గాలి కంటే బరువు. అడుగున పేరుకుంటుంది. బురదలో చిక్కుకున్నది, కదపగానే ఒక్కసారిగా బుడగలై తన్నుకొస్తుంది. దానికి కుళ్ళిన కోడిగుడ్డు వాసన ఉంటుంది, నిజమే. కాని మోతాదు ఎక్కువైతే అది ముందుగా చంపేది ముక్కుకి వాసన తెలిసే శక్తినే. 'కంపు పోయింది, ఇక దిగొచ్చు' అనుకునే క్షణమే అసలు గండం. రెండు మూడు ఊపిర్లకే మనిషి కూలిపోవచ్చు. కేక వేసే వ్యవధి కూడా ఉండదు.

మురుగు లేకపోయినా ముప్పు తప్పదు. కొత్తగా కట్టిన సంపులో సెంట్రింగు చెక్కలు విప్పడానికి దిగి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళున్నారు. మూసి ఉంచిన గదిలో తడిసిన చెక్క కుళ్ళుతూ ప్రాణవాయువుని తినేస్తుంది. మనం పీల్చే గాలిలో అది 21 శాతం. అందులో సగం పోయిందంటే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. పల్లెల్లో బావి దిగేముందు దీపం దించి చూసే అలవాటు ఉండేది. దీపం ఆరిపోతే దిగకూడదన్నది సరైన మాటే. వెలుగుతోంది కదా అని దిగడం మాత్రం తప్పు. విషవాయువు సంగతి దీపం చెప్పదు. సెప్టిక్ ట్యాంకులో మీథేన్ కూడా ఉంటుంది కనుక, దీపానికో బీడీకో అంటుకుని పేలినా పేలుతుంది.

కనుక సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపనే వద్దు. గొట్టంతో తోడే బండిని పిలవండి. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. అది మునిసిపాలిటీకే కాదు, పని చేయించుకున్న ఇంటివాళ్ళకీ వర్తిస్తుంది. మొదటి తప్పుకే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మురుగు కాలువల్లో దిగి చనిపోయినవారి కుటుంబాలకి పరిహారం 10 లక్షల నుంచి 30 లక్షలకి పెంచాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డబ్బు చూసైనా విషయం ఎంత పెద్దదో గ్రహించాలి. 'వాడే దిగుతానన్నాడండీ' అంటారు కొందరు. ఐదు వందలు ఎక్కువిస్తానంటే దిగనివాడెవడు?

సంపు కడగాలన్నా సరే, నీళ్ళు తోడేసి, మూతలన్నీ తీసి, బ్లోయరుతో చాలాసేపు గాలి కొట్టించి, నడుముకి తాడు కట్టుకుని, పైన ఇద్దరు నిలబడి ఉండగా దిగాలి. ఆ తాడు ముఖ్యం. లోపల పడినవాణ్ణి ఇంకొకరు దిగకుండా పైకి లాగగలిగేది అదొక్కటే. తాడు లేకపోతే 108కీ, అగ్నిమాపక కేంద్రానికి 101కీ ఫోను చెయ్యండి. వాళ్ళు వచ్చేదాకా ఇంకెవరూ దిగకుండా చేతులు పట్టుకుని ఆపండి. లోపల ఉన్నది కన్నకొడుకైనా సరే. ఇది చెప్పడం సులువు, చెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ముందుగా చెబుతున్నాను.

పైనుంచి పడితే

సరుగుడు కర్రల పరంజా మీదినుంచో నిచ్చెన మీదినుంచో పడడానికి నాలుగంతస్తులు అక్కర్లేదు. వెన్నుపూస విరగడానికి పదడుగులు చాలు. పడగానే ఇద్దరు చంకల కింద, ఇద్దరు కాళ్ళ దగ్గర పట్టుకుని ఎత్తి, ఆటోలో కూర్చోబెట్టి, సోడా తాగిస్తారు. విరిగిన పూస ఆ కుదుపుకి వెన్నుపాముని నలిపేస్తుంది. పడినచోట కాళ్ళు కదిపినవాడు మా దగ్గరికి వచ్చేసరికి కదపలేకపోతాడు. ఊపిరి ఆడుతుంటే, చుట్టుపక్కల ఇంకో ప్రమాదం లేకపోతే, అతణ్ణి అక్కడే కదలకుండా ఉంచి 108కి ఫోను చెయ్యండి. తప్పనిసరిగా మొయ్యవలసి వస్తే తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేట్టు నలుగురు కలిసి తలుపు చెక్క మీదికి దుంగని దొర్లించినట్టు దొర్లించాలి. గుణదల, మొగల్రాజపురం కొండల మీద మెట్ల దారి ఇళ్ళవాళ్ళు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. అక్కడికి బండి రాదు.

పొద్దున్నే మందు వాసనతో వచ్చినవాణ్ణి మాత్రం నిచ్చెన ఎక్కించకండి. కూలి పోతుందని జాలి వేస్తే ఆ పూటకి కింద పని చెప్పండి.

కరెంటు షాకు సంగతి చాలామందికి తెలిసిందే. ముట్టుకోకండి, ముందు మెయిన్ ఆపండి. మనిషి పలక్కుండా, మామూలుగా ఊపిరి తియ్యకుండా ఉంటే వెంటనే ఛాతీ మధ్య రెండు చేతులూ పెట్టి రెండంగుళాల లోతుకి, నిమిషానికి నూరుసార్లకి తగ్గకుండా నొక్కుతూ ఉండాలి, 108 బండి వచ్చేదాకా.

జ్వరం వస్తే

ఇవి పది నిమిషాల్లో తేలేవి కావు కాని చెప్పక తప్పదు. మేకు గుచ్చుకుంటే తుప్పు వల్ల ధనుర్వాతం వస్తుందనుకుంటారు. తుప్పు కాదు, మట్టిలోనూ పేడలోనూ ఉండే క్రిమి వల్ల వస్తుంది. తళతళలాడే కొత్త మేకు గుచ్చుకున్నా రావచ్చు. మునుపటి టి.టి. బదులు ఇప్పుడు టి.డి. ఇంజెక్షను ఇస్తున్నారు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం.

రెండోది ఎలుక జ్వరం. వరద బురద ఎత్తినా, డ్రైనేజీ పైపు విప్పినా, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు కాలి పగుళ్ళలోంచి ఒంట్లోకి పోతాయి. సాధారణంగా వారం, రెండు వారాలకి జ్వరం వస్తుంది. పిక్కలు ముట్టుకోనివ్వవు. కళ్ళు ఎర్రబడతాయి. కొందరికి పచ్చబడతాయి కూడా. అది చూసి పచ్చకామెర్లని పసరు మందుకి తీసుకుపోతారు. ఆ నాలుగు రోజుల్లో మూత్రపిండాలు దెబ్బతింటాయి. మొదట్లోనే వస్తే డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ వంటి పాత మందులకే లొంగే జబ్బు ఇది. చిక్కల్లా, జ్వరం ఎన్నాళ్ళనుంచని అడిగితే చెబుతాడు కాని, పది రోజుల కిందట ఎవరింట్లో ఏ కాలువలో దిగాడో అతనికి గుర్తుండదు. మీకు గుర్తుంటుంది. జ్వరమని కబురు తెలిస్తే, ఏ రోజున ఏ పని చేశాడో ఒక చీటీ మీద రాసి అతనితో ఆసుపత్రికి పంపండి.