ఒక్కటి ఎగిరితే చాలదు

1960ల్లో బ్రెజిల్ చిన్న పట్టణాలు ఒక్కొక్కటే విమానాల రాకపోకలకు దూరమయ్యాయి. అంతవరకు వాటిని కలిపినవి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చవగ్గా దొరికిన డీసీ-3 విమానాలు. అవి పాతబడేసరికి సంస్థలు జెట్ల వైపు మళ్లాయి. జెట్‌కు పొడవాటి గట్టి రన్‌వే కావాలి, సీట్లు నిండాలి. మట్టి రన్‌వే ఉన్న పట్టణానికి ఈ రెండూ అందని మాటే.

ఈ లోటు తీర్చే విమానాన్ని దేశంలోనే తయారుచేయాలని పట్టుబట్టినవారు ఓజిరిస్ సిల్వా. వైమానిక దళ అధికారి, ఇంజినీరు. సావ్ జోజే దోస్ కాంపోస్‌లోని వైమానిక పరిశోధన కేంద్రంలో 1965లో పని మొదలైంది. ఫ్రెంచి డిజైనర్ మాక్స్ హోల్‌స్ట్ రూపకల్పనకు సారథ్యం వహించారు. 1968 అక్టోబర్ 22న నమూనా గాల్లోకి లేచింది. అదే బాండెరాంటే.

దీనికి ప్రాణం కెనడాలో తయారైన పీటీ6 టర్బోప్రాప్ ఇంజిన్. జెట్ కొద్దిపాటి గాలిని మహావేగంగా వెనక్కి నెడుతుంది. ప్రొపెల్లర్ ఎక్కువ గాలిని నిదానంగా నెడుతుంది. గంటకు 400 కిలోమీటర్ల వేగం దగ్గర రెండో పద్ధతిలోనే ఇంధనం ఆదా. పీటీ6 లోపల రెండు ఇరుసులున్నాయి. ఒకదానిమీది టర్బైన్ గాలిని కుదించే కంప్రెసర్‌ను తిప్పుతుంది. రెండోదానిమీది టర్బైన్ ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. రెండింటికీ నడుమ ఇనుప లంకె లేదు, వేడి వాయువు ప్రవాహమే ఉంది. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలో ఒకటి వేస్తే రెండోది ఆ గాలికే తిరిగినట్టు. ప్రొపెల్లర్‌ను తిప్పే టర్బైన్ వేగం నిమిషానికి సుమారు 33,000 చుట్లు. గేర్లు దాన్ని 2,200కు దించుతాయి. ఆ వేగంలోనే ప్రొపెల్లర్ సమర్థంగా పనిచేస్తుంది.

నమూనా ఎగిరాక అసలు పరీక్ష మొదలైంది. దీన్ని వరసగా తయారుచేయడానికి ప్రైవేటు పెట్టుబడిదారులు ముందుకు రాలేదు. దాంతో 1969 ఆగస్టు 19న ప్రభుత్వమే ఎంబ్రాయర్ సంస్థను స్థాపించింది. కంపెనీలు తాము కట్టాల్సిన ఆదాయపు పన్నులో ఒక శాతాన్ని ఎంబ్రాయర్ వాటాలకు మళ్లించుకునే వీలు కల్పించింది. వైమానిక దళం 80 విమానాలకు ఆర్డరిచ్చింది.

ఆ ఆర్డరు విలువ ఫ్యాక్టరీలో తెలుస్తుంది. రెక్క భాగాలను కదలకుండా పట్టి ఉంచి, ప్రతి రివెట్ రంధ్రమూ ప్రతిసారీ ఒకేచోట పడేలా చూసేవి జిగ్గులు. ఒక్క విమానం చేసినా ఎనభై చేసినా జిగ్గుల ఖర్చు దాదాపు అంతే. తయారీకి వచ్చేసరికి డిజైన్ కూడా బాగా మారింది. నమూనాలోని గుండ్రటి కిటికీలు పోయాయి, చక్రాలు పూర్తిగా లోపలికి ముడుచుకునేలా ఇంజిన్ తొడుగులు మారాయి. 1973 ఫిబ్రవరిలో తొలి విమానాలు వైమానిక దళానికి, ఏప్రిల్‌లో ట్రాన్స్‌బ్రజిల్ సంస్థకు చేరాయి.

1978లో అమెరికా విమానయానంపై ఆంక్షలు సడలించింది. చిన్న పట్టణాలను పెద్ద విమానాశ్రయాలతో కలిపే కమ్యూటర్ సంస్థలకు గిరాకీ పెరిగింది. 19 సీట్లు మించితే అక్కడ క్యాబిన్ సిబ్బంది తప్పనిసరి. సరిగ్గా ఆ హద్దులో ఒదిగే బాండెరాంటేకు అదే ఏడు అమెరికా ధ్రువీకరణ అందింది. 1990లో తయారీ ఆపేనాటికి సుమారు 500 విమానాలు బయటికొచ్చాయి.

మన దేశంలోనూ ఇలాంటి ప్రయత్నం జరిగింది. నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ రూపొందించిన సరస్ అనే చిన్న విమానం 2004 మే 29న బెంగళూరులో ఎగిరింది. 2009లో ఒక నమూనా కూలి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. 2018 జనవరిలో మెరుగుపరిచిన నమూనా మళ్లీ ఎగిరింది. వరస తయారీ మాత్రం మొదలుకాలేదు. మరోవైపు జర్మన్ డిజైన్ డోర్నియర్-228ను హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) కాన్పూర్‌లో దశాబ్దాలుగా తయారుచేస్తోంది. సైనిక దళాల ఆర్డర్లు ఆ ఫ్యాక్టరీని నిలబెట్టాయి. 2022 ఏప్రిల్‌లో ఆ విమానం దిబ్రూగఢ్ నుంచి పాసీఘాట్‌కు పౌర ప్రయాణికులను చేరవేసింది.

నమూనాను ఎగరేయగల ఇంజినీర్లు మనకున్నారు. వారి డిజైన్‌ను నమ్మి, మొదటి ఎనభై విమానాలు నేను కొంటానని ముందే మాటిచ్చే కొనుగోలుదారు కావాలి. బ్రెజిల్‌లో ఆ మాట ఇచ్చింది ప్రభుత్వం. ఇక్కడా ముందుగా ఇవ్వాల్సింది ప్రభుత్వమే.