ఇరుసు వంగితే ఎద్దును కొట్టుడెందుకు?

రెండేండ్ల కింద కృష్ణ బ్యాక్‌వాటర్ల ఓ పాత డీజిల్ బోటు ఎక్కిన. అవతలి ఒడ్డు ఊర్ల మీటింగు. రోడ్డు మీదికెళ్లి పోతే పూట పడుతది, నీళ్ల మీదికెళ్లి అయితే గంట. బోటు కదిలిందో లేదో, కాళ్ల కింద పలకలు గడగడ వణుకుడు వెట్టినయి. చేతిలున్న చాయ్ ఒలికింది. పక్కనున్న ముసలామె దేవునికి మొక్కుకుంట కూసున్నది.

"ఇంజన్ పోయిందన్నా" అన్నడు బోటాయన. "రెండుసార్లు ఇప్పిచ్చిన. నాజిళ్లు మార్చిన, ఇంజన్ కింది రబ్బర్లు మార్చిన. ఇంటామె పుస్తెలతాడు బ్యాంకుల వెట్టిన. అయినా గిదే వణుకుడు."

ఒడ్డుకు చేరినంక, ఆయిల్ ఇంజన్లు బాగుచేసే ఓ పెద్దాయన వచ్చిండు. పానా గూడ ముట్టలే. బోటును రెండు దిక్కుల తాళ్లతోని గట్టిగ కట్టిచ్చిండు. గేరు తీసి, న్యూట్రల్ల వెట్టి రేస్ ఇచ్చిండు. వణుకుడు లేదు. గేరేసిండు. మళ్ల మొదలైంది. "బిడ్డా, నీ ఇంజన్ల ఏం లేదు. ఇరుసు వంగితే ఎద్దును కొడుతున్నవ్" అన్నడు.

ఆ మాట పట్టుకోనే ఇది రాస్తున్న. జబ్బు యాడున్నదో తెల్వకుండ సామాను మార్చుడు వైద్యం కాదు, జూదం. పాత బోటు షాఫ్టు విషయంల ఈ జూదం శాన మంది ఆడుతున్నరు, ఓడుతున్నరు.

ముందుగాల లైను తెలుసుకోవాలె

ఇంజన్ బోటు కడుపుల ఉంటే దాన్ని ఇన్‌బోర్డ్ అంటరు. వెనుక బయటికి తగిలిచ్చే మోటరు వేరే. ఇన్‌బోర్డ్‌ల ఇంజన్, దాని వెనుక గేర్ బాక్సు, దానికి కప్లింగు. కప్లింగు అంటే రెండు గుండ్రటి బిళ్లలు, నడుమ బోల్టులు. అక్కడికెళ్లి షాఫ్టు మొదలైతది. బోటు అడుగుల ఉన్న రంధ్రంలకెళ్లి ఏటవాలుగ నీళ్లలకు దిగుతది. ఆ రంధ్రం కాడ నీళ్లు లోపలికి రాకుండ గ్లాండు. బయట, నీళ్లల్ల, షాఫ్టును పట్టుకునేటందుకు ఓ బ్రాకెట్, దాంట్ల రబ్బర్ బుష్. చివరికి ఫ్యాను. దాని వెనుక చుక్కాని.

బావి కాడ ఆయిల్ ఇంజను, పంపు చూసినోళ్లకు ఇదేం కొత్త కాదు. అక్కడ గూడ కప్లింగు ఉంటది, గ్లాండుల తాడు ఉంటది. తేడా ఒక్కటే. పంపు గ్లాండు కారితే పొలంల బురద అయితది. బోటు గ్లాండు ఇడిస్తే బోటే మునుగుతది.

అమెరికాల నీళ్ల మీద స్కీయింగుకు వాడే పాత బోట్లల్ల గూడ లైను గిదే. ఫ్లోరిడాల కరెక్ట్ క్రాఫ్ట్ అనే కంపెనీ 1961ల స్కీ నాటిక్ బోటు తెచ్చింది. టెన్నెసీల 1968ల మాస్టర్‌క్రాఫ్ట్ మొదలైంది. నడుమ ఇంజను, కిందికి ఏటవాలు షాఫ్టు. ఏండ్లు గడిచిన ఆ బోట్లను అక్కడ ఇంటోళ్లే తీరిగ్గ చూసుకుంట నడిపిస్తున్నరు. వాళ్లు చేసే పరీక్షలకు పెద్ద మిషిన్లేం అక్కర్లే. ఓ ఫిల్లర్ గేజు, ఓ తీగ ముక్క, ఓపిక.

వణుకుడు యాడికెళ్లి?

మొదటి పరీక్ష పెద్దాయన చేసిందే. బోటు కట్టేసి, న్యూట్రల్ల రేస్ ఇయ్యి. అప్పుడు గూడ వణికితే ఇంజన్ దిక్కు, దాని కింది రబ్బర్ల దిక్కు చూడాలె. న్యూట్రల్ల మంచిగుండి, గేరు వడంగనే వణికితే షాఫ్టు లైనును అనుమానించాలె. స్పీడు పెరుగుతున్నకొద్ది వణుకుడు పెరిగితే అనుమానం ఇంకింత గట్టిది.

ఓ జాగ్రత్త. తిరిగే షాఫ్టు కాడికి లుంగీ, తువ్వాల, చున్నీ, ఇడిసిన జుట్టు ఏదీ పోవద్దు. చుట్టుకున్నదంటే ఇడిపిచ్చుకునే టైమియ్యది. చేతితోని పని చెయ్యాల్నంటే ఇంజన్ బందు వెట్టు, తాళంచెవి నీ జేబుల వేసుకో, బ్యాటరీ తీగ ఇప్పు. ఆ తర్వాతనే ముట్టు.

రెండోది, బోటును ఒడ్డెక్కియ్యి. మొదలు ఫ్యాను చూడు. చాపముక్క, నైలాన్ తాడు చుట్టుకున్నదేమో చూడు. రెక్క అంచు వంగిందా, చిట్లిందా చూడు. ఓ పుల్లను బోటు అడుగుకు ఆనిచ్చి, ఒక రెక్క కొసకు తగిలేటట్టు వెట్టు. ఫ్యానును చేతితోని తిప్పుకుంట ప్రతి రెక్క కొస ఆ పుల్ల కాడికే వస్తున్నదా చూడు. ఒకటి దూరం జరిగితే ఆ రెక్క వంగినట్టు, లేదంటే షాఫ్టే వంగినట్టు.

మూడోది, ఫ్యానును పట్టుకోని కిందికి మీదికి ఊపు. రబ్బర్ బుష్‌ల షాఫ్టు లటలట కొట్టుకుంటే బుష్ అరిగింది. అంగుళం షాఫ్టుకు ఒకటిన్నర మిల్లీమీటరు దాక ఊగుతున్నదంటే ఇగ మార్చాల్సిందే. కానీ మార్చే ముందు ఇంకోటి చూడు. బుష్ చుట్టూరా సమంగ అరిగితే అది వయసు. ఒక్క దిక్కే తిన్నదంటే లైను వంకర ఉన్నట్టు, లేదంటే బ్రాకెట్టే వంగినట్టు. అట్లాంటప్పుడు కొత్త బుష్ వేస్తే దాన్ని గూడ తింటది. పైసలు నీళ్లలనే.

నాలుగోది, గేరు న్యూట్రల్ల వెట్టి షాఫ్టును చేతితోని ఒక్క సుట్టు తిప్పు. అలకగ తిరగాలె. సుట్టుకు ఒక్కసారి ఒక్క జాగలనే బిగుసుకుంటే షాఫ్టు వంగిందని అనుమానం. సుట్టంత ఒక్క తీరుగ బిగుసుకుంటే గ్లాండు ఎక్కువ బిగిచ్చినట్టు, లేదంటే లైను తప్పినట్టు.

వంగిందా లేదా గట్టిగ తెల్సుకోవాలంటే తీగ ముక్క చాలు. దాన్ని కదలకుండ కట్టి, కొసను షాఫ్టుకు వెంట్రుకంత దూరంల ఉంచు. షాఫ్టు తిప్పుకుంట ఆ సందు చూడు. సందు ఒకపారి పెరిగి, ఒకపారి మూసుకపోతే షాఫ్టు వంగింది. రెండు మూడు జాగలల్ల చూస్తే యాడ వంగిందో గూడ తెలుస్తది. లేత్ మిషిన్ కాడ డయల్ గేజు వెడితే ఎంత వంగిందో లెక్క తేలుతది.

రెండు బిళ్లలు చెప్పే నిజం

అన్నిట్ల అసలు పరీక్ష కప్లింగు కాడ. దీన్ని నీళ్లల్లనే చేయాలె, ఒడ్డు మీద కాదు. ఎందుకంటే దిమ్మెల మీద వెట్టినప్పుడు బోటు అడుగు ఒక తీరుంటది, నీళ్లల్ల తేలినంక ఇంకో తీరు సర్దుకుంటది. నీళ్లలకు దింపినంక ఓ రోజు ఆగి చూసుడు మంచిది.

కప్లింగు బోల్టులు ఇప్పే ముందు షాఫ్టుకు లోపటి దిక్కు ఓ క్లిప్పు గట్టిగ బిగియ్యి. లేదంటే షాఫ్టు వెనుకకు జారుతది, రంధ్రంలకెళ్లి నీళ్లు వస్తయి. బోల్టులు ఇప్పినంక రెండు బిళ్లలను దగ్గరికి తేవాలె. టాపెట్లు సెట్ చేసే ఫిల్లర్ గేజుతోని మీద, కింద, ఎడమ, కుడి నాలుగు దిక్కుల సందు కొలువు. ఎక్కువ సందుకు, తక్కువ సందుకు తేడా 3 థౌ దాటొద్దు. థౌ అంటే అంగుళంల వెయ్యో వంతు. 3 థౌ అంటే మిల్లీమీటరుల పదో వంతు గూడ కాదు.

తేడా ఉన్నదనుకో. వెంటనే ఇంజన్ జరపకు. గేర్ బాక్సు దిక్కు బిళ్లను కదలనియ్యకుండ, షాఫ్టు దిక్కు బిళ్లను మాత్రం అర్ధ సుట్టు తిప్పి మళ్ల కొలువు. పెద్ద సందు ముందున్న జాగలనే ఉంటే ఇంజన్, షాఫ్టు ఒక్క లైనుల లేవు. ఇంజన్ కాళ్ల నట్లతోని సర్దాలె. పెద్ద సందు బిళ్లతోపాటు తిరిగి అవతలి దిక్కు పోయిందంటే తప్పు షాఫ్టులనో, ఆ బిళ్లలనో ఉన్నది. అప్పుడు ఇంజన్‌ను ఎంత సర్దినా ఫాయిదా లేదు. ఖర్చు లేని పరీక్ష ఇది. మా బోటాయనకు ముందుగాల ఇది ఎవలన్న చెప్పి ఉంటే ఇంజన్ రెండుసార్లు ఇప్పేటోడు కాదు.

గ్లాండు, కీ: పానం మీదికి తెచ్చేటియి

గ్లాండు చుక్క గూడ కారొద్దని బిగిచ్చేటోళ్లున్నరు. తాడు ప్యాకింగు ఉన్న గ్లాండు షాఫ్టు తిరిగేటప్పుడు చుక్క చుక్క కారాలె. ఆ నీళ్లే దానికి సల్లదనం. బోటు ఆపినంక కారుడు ఆగాలె, లేదంటే పేరుకు మాత్రమే ఉండాలె. ఇంజన్ బందు వెట్టినంక గ్లాండు మీద చెయ్యి వెట్టు. చెయ్యి కాలితే ఎక్కువ బిగిచ్చినట్టు. కొత్త తాడు వేసినా కారుడు ఆగకపోతే తాడు కింద షాఫ్టును చూడు. అక్కడ గాడి పడి ఉంటది. గాడి పడ్డ షాఫ్టుకు ఎన్ని తాళ్లు చుట్టినా అంతే. తాడు వేసేటప్పుడు ఒకటే పొడుగు ముక్క చుట్టొద్దు. రింగులు రింగులు కోసి, ఒకదాని అతుకు ఇంకోదాని అతుకు మీద పడకుండ వెయ్యాలె.

ఇగ ఇంజన్ ఒర్రుతది, బోటు కదలదు. అప్పుడు కప్లింగు దిక్కు చూడు. కప్లింగే తిరగకపోతే తప్పు గేర్ బాక్సుల. కప్లింగు తిరిగి షాఫ్టు తిరగకపోతే కప్లింగులున్న కీ తెగింది, లేదంటే దాని స్క్రూలు వదులైనయి. షాఫ్టు తిరిగి వెనుక నీళ్లు తన్నకపోతే ఫ్యాను కాడి కీ తెగిందేమో, ఫ్యానే ఊడిందేమో ఒడ్డెక్కిచ్చి చూడాలె.

కప్లింగు స్క్రూలు వదులుంటే రివర్స్ గేరు మహా డేంజర్. రివర్సుల ఫ్యాను షాఫ్టును వెనుకకు గుంజుతది. ఊడి వెనుకకు పోయిన షాఫ్టు చుక్కానికి తగిలి ఆగితే అదృష్టం. ఆగకపోతే బోటు అడుగుల షాఫ్టంత లావు బొక్క మిగులుతది. అందుకే ఒడ్డెక్కిన ప్రతిసారి ఫ్యాను తీసి, అది కూసునే సన్నటి కొస, కీ గాడి తుడిసి మంచిగ చూడాలె. పగులు శానసార్లు ఆ గాడి మూల కాడనే మొదలైతది. వెంట్రుక సన్నం గీత కనపడ్డా ఆ షాఫ్టును మళ్ల వాడొద్దు.

2021ల వచ్చిన ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం ఇంజన్ బోట్లకు సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలె. ఉండాల్సిందే. కానీ సర్వే చేసేటోడు రోజూ రాడు. రోజూ బోటుల ఉండేది నువ్వు. కొత్త సప్పుడు, కొత్త వణుకుడు, అడుగుల ఎప్పటికన్న ఎక్కువ నీళ్లు కనపడితే జనాన్ని ఎక్కిచ్చుకోవద్దు. ఒక్క రోజు కిరాయి పోతది, పోనియ్యి.

ఐటీఐల డీజిల్ మెకానిక్ చదివి ఖాళీగ ఉన్న తమ్ముళ్లూ, ఇది మీ పని. ఇంగ్లీషు రాదని జంకకుండ్రి. ఆ పెద్దాయనకు గూడ రాదు. కానీ ఏది ముందు చూడాల్నో, ఏది తర్వాత చూడాల్నో ఆయనకు తెల్సు.

మా బోటాయన షాఫ్టు లేత్ కాడ తీరయింది. కొత్త రబ్బర్ బుష్ పడ్డది, లైను సర్దిండ్రు. అంతా కలిపి ఇంజన్ రబ్బర్లకు పెట్టిన దాంట్ల సగం గూడ కాలే. బోటు ఇప్పుడు సల్లగ నడుస్తున్నది. పుస్తెలతాడు మాత్రం ఇంకా బ్యాంకులనే ఉన్నది. మిత్తి నడుస్తున్నది.